పెడన అచ్చు, భామ జడ

పారిస్ వెళ్లిన తెలుగువాళ్లు మోంమార్త్ గుట్ట ఎక్కకుండా తిరిగి రారు. 1904లో పికాసో చేరిన బతో లవ్వార్ అనే కళాకారుల నివాసం ఎక్కడుందో అడిగి మరీ వెళ్తారు. ఆయన 1909లో దాన్ని వదిలేశాడు. 1970లో ఆ కట్టడం చాలావరకు కాలిపోయింది. అయినా ఆ గుమ్మం ముందు కాసేపు నిలబడతారు. నిలబడాల్సిందే. అదే మనిషి బందరు వచ్చి, లడ్డూ కొనుక్కుని, మంగినపూడి సముద్రం చూసి వెళ్లిపోతే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

గుడివాడ నుంచి బందరు వెళ్లే దారిలో పెడన స్టేషన్లో దిగితే చాలు. కలంకారీ అద్దకం పాకలో ముందు ముక్కుకు తగిలేది కరక్కాయ వాసన. గుడ్డను కరక్కాయ రసం, గేదెపాలు కలిపి అందులో ముంచి ఆరబెడతారు. పాలలో జిడ్డు ఉంటుంది కనుక రంగు పక్కకు పాకదు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లను టేకు అచ్చుతో అద్దితే, కరక్కాయ తగిలి అక్కడికక్కడ నల్లబడుతుంది. ఎరుపు కథ వేరు. అచ్చుతో వేసేది పటిక. అప్పటికి అది వెలవెలబోతూ ఉంటుంది. గుడ్డను కాలువలో జాడించి, రంగునిచ్చే వేళ్లు వేసి కాగులో ఉడికిస్తే, పటిక పడ్డ చోటే ఎరుపు నిలుస్తుంది. అద్దినవాడికి తన పువ్వు నిండుగా కనబడేది అప్పుడే.

జాడించడానికి పారే నీరే కావాలి. నిలవ నీళ్లలో వదిలిన రంగు మళ్లీ గుడ్డనే అంటుతుంది. కలంకారీని కాపాడాలనేవాళ్లు ముందు కాలువను కాపాడమని అడగాలి. స్క్రీన్ ప్రింటు గుడ్డకు కలంకారీ పేరు పెట్టి అమ్మడం ఈ చేతులకు చేసే అన్యాయం.

ఇటువంటి అద్దకం బట్టలు మన తీరం నుంచి ఓడలెక్కి వెళ్లి యూరప్‌ను ముంచెత్తాయి. తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో భారతీయ అద్దకాన్ని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. పారిస్ చూసొచ్చినవాళ్లకు ఈ సంగతీ తెలియాలి.

సాయంత్రానికి పామర్రు మీదుగా కూచిపూడి చేరవచ్చు. లోకానికి అది నాట్యం పేరు, బస్సు కండక్టరుకు ఓ స్టేజీ పేరు. రామలింగేశ్వరుడి గుడి చుట్టూ వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి ఇంటిపేర్లు. ఇక్కడ పుట్టిన మగపిల్లవాడు జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని ఈ నాట్యానికి ఆద్యుడని చెప్పే సిద్ధేంద్రుడు మాట తీసుకున్నాడని ఊరి నమ్మకం. భామ తెర మీదుగా జడ వేయడం పందెం: నన్ను ఓడించగలవాళ్లుంటే రండి, ఈ జడ కోయండి అని. వేదాంతం సత్యనారాయణశర్మ భామగా వస్తే, వేషం వెనక మగవాడున్నాడన్న సంగతి చూసేవాళ్లు మరిచిపోయేవారు. పక్కనే మువ్వ, పదకర్త క్షేత్రయ్య కొలిచిన గోపాలుడి ఊరు. అక్కడి గుడి చూడకుండా వెనక్కి తిరగకూడదు.

కథలు, కవితలు మా పత్రికకు చాలానే వస్తున్నాయి. అచ్చు చెక్కే ఉలికి, కాలువలో గుడ్డ జాడించేవాళ్ల రోజుకు, జడ వేసే ముందు తెర వెనక నిలబడ్డ నటుడి గుండెదడకు వాటిలో చోటు దొరకడం లేదు. పెడనలో ఒక పూట, కూచిపూడిలో ఒక పూట గడపండి. పనివాళ్లు తమ పని గురించి మాట్లాడే మాటలను వాళ్ల నోటి నుంచే విని, రాసి పంపండి. వచ్చే సంచికలో మొదటి పేజీలు వాటికే అట్టిపెడుతున్నాం.