కొట్టు ఎవరు చూసుకుంటారు?

మొన్న ఆదివారం మా వీధి పెద్దమనుషులు నలుగురు ఇంటికొచ్చారు. "ఈసారి మున్సిపల్ ఎలక్షన్లలో మన వార్డుకి మీరే నిలబడాలి" అని మావారిని ఒకటే బలవంతం. ఇరవై ఏళ్ళుగా కిరాణా కొట్టు నడుపుతున్న మనిషి. తూకంలో మోసం లేదన్న పేరుంది. ఆయన మొహం వెలిగిపోయింది. నేను కాఫీలిచ్చి లోపలికొచ్చేశాను గానీ, మనసులో ఒకటే ప్రశ్న. మరి కొట్టు ఎవరు చూసుకుంటారు?

సరిగ్గా ఆ వారమే, మా అమ్మాయి లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకంలో ఒకప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ తండ్రి సంగతి చదివాను. మన ఇంటి కథలాగే ఉంది, వినండి.

ఆయన పేరు ఆల్ఫ్రెడ్ రాబర్ట్స్. పదమూడేళ్ళకే బడి మానేశాడు. 1919లో ఇంగ్లండులోని గ్రాంథమ్ అనే చిన్న పట్నంలో అప్పు చేసి కిరాణా కొట్టు కొన్నాడు. కింద కొట్టు, పైన కాపురం. వేణ్ణీళ్ళ కుళాయి లేదు, మరుగుదొడ్డి బయటే. టీ ఆకు, పంచదార పెద్ద మొత్తాల్లో వస్తే తూచి పొట్లాలు కట్టేవారు. 1923లో రెండో కొట్టు పెట్టాడు. 1927లో ఇండిపెండెంటుగా టౌన్ కౌన్సిల్‌కి గెలిచాడు. లెక్కలు తెలిసిన మనిషి కదా, ఫైనాన్స్ కమిటీకి ఛైర్మన్ కూడా అయ్యాడు. 1943లో ఆల్డర్‌మన్, అంటే కౌన్సిలర్లు ఎన్నుకునే పెద్ద సభ్యుడు. 1945లో మేయరు!

కానీ 1952లో, మెజారిటీ వచ్చిన లేబర్ పార్టీవాళ్ళు ఆయన్ని ఆ పదవి నుంచి తప్పించేశారు. పాతికేళ్ళ సేవ ఒక్క ఓటింగుతో సరి. 1985లో టీవీ ఇంటర్వ్యూలో ఆ సంగతి చెబుతూ థాచరంతటి మనిషీ కన్నీళ్ళు పెట్టుకుందట.

మరి ఆయన భార్య? ఆవిడ పేరు బియాట్రిస్. పెళ్ళికి ముందు బట్టలు కుట్టి సొంతంగా సంపాదించుకున్న మనిషి. తర్వాత వంటా, పిల్లలూ, కొట్టూ. కొట్టు వదల్లేక కుటుంబమంతా కలిసి సెలవులకి ఊరెళ్ళడం కూడా కుదిరేది కాదట. 1979లో ప్రధాని అయిన రోజు కూతురు తనకున్నదంతా దాదాపు తండ్రి చలవేనని చెప్పింది. అమ్మ ఊసు రాలేదు. అక్కడ నా మనసు చివుక్కుమంది.

మా ఇంట్లోనూ మధ్యాహ్నం ఆయన భోజనానికొస్తే కొట్లో కూర్చునేది నేనే. అయినా అరువు ఎవరెంత బాకీయో, హోల్‌సేలు షాపుకి మనమెంత కట్టాలో నాకు తెలీదు. అందుకే రాత్రి చెప్పేశాను. "నిలబడండి, నేను అడ్డు చెప్పను. కానీ పద్దు పుస్తకం నాకూ అర్థం కావాలి. ఓట్ల కోసం అరువులు పెంచకూడదు. కొట్టు మీద అప్పు తెచ్చి ఎలక్షన్లో పెట్టకూడదు. పదవి పోయిన రోజు మనకి మిగిలేది ఈ కొట్టే."

ఆయన ఏమీ అనలేదు. నాకు భయమేసింది, చిన్నబుచ్చుకున్నారేమోనని. పొద్దున్నే లేచేసరికి వంటింటి గట్టు మీద పద్దు పుస్తకం ఉంది. పక్కనే పెన్సిలు.

పోటీ సంగతి ఇంకా తేలలేదు. నేను మాత్రం మూడో పేజీలో ఉన్నాను. మీ ఇంట్లో లెక్కలు మీకు తెలుసా వదినా?