ఒంటె పాదంలోని రంధ్రం



క్రయవిక్రయాల ధర్మాలను పాఠంగా చెప్పేటప్పుడు మేము ధాన్యపు రాశిని, పాడి మేకను, ఒంటెను ఉదాహరణలుగా తీసుకుంటూ ఉంటాము. ఫిఖ్‌హ్ గ్రంథాలలో ఉన్నవి అవే. కొన్ని నెలల క్రితం ఒక సాయంత్రం, అస్ర్ నమాజు ముగిసిన తరువాత, మా మదర్సా వాకిట్లో ఒక పెద్ద నల్లని కారు వచ్చి ఆగింది. నాటి నుండి ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ మాకు ఆ కారే గుర్తుకు వస్తున్నది.

దాని యజమాని మాకు చాలా కాలంగా తెలిసినవారు. ఆయన కుమారుడు తొమ్మిదేళ్లుగా రియాద్‌లో పనిచేస్తున్నాడు. ఇంటి ఇల్లాలికి వెన్నునొప్పి. వైద్యం కోసం ఆమెను తరచుగా కర్నూలు నుండి హైదరాబాద్‌కు తీసుకువెళ్లవలసి వస్తున్నది. కుదుపులు లేని బండి ఒకటి ఉంటే అమ్మీకి సుఖంగా ఉంటుందని కుమారుడు డబ్బు పంపాడు. ఒక మధ్యవర్తి ద్వారా పదకొండు లక్షల రూపాయలకు పాత విదేశీ సెడాన్ దొరికింది. తోలు సీట్లు, నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే ఆల్-వీల్ డ్రైవ్, అద్దంలా మెరిసే రంగు. కొత్తదైతే దాని వెల ఇందుకు నాలుగైదు రెట్లు ఉండేది.

నాలుగు నెలలు గడిచాయి. వెనుక ఇరుసు వైపు నుండి మూలుగు వంటి శబ్దం మొదలైంది. హైదరాబాద్‌లో ఒక మెకానిక్ విప్పి చూశాడు. వెనుక డిఫరెన్షియల్‌లోని ఆయిలు పాలు కలిపినట్లు తెల్లబారి ఉంది. కార్పెట్ కింద ఎండిన ఒండ్రుమట్టి, సీట్ల బోల్టులకు తుప్పు కనిపించాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను బుడమేరు ముంచెత్తినప్పుడు నీట మునిగిన వాహనాలలో అదీ ఒకటని ఆరా తీయగా తెలిసింది. మీటరులో యాభై ఎనిమిది వేల కిలోమీటర్లు కనిపిస్తుంటే, మూడేళ్ల నాటి సర్వీసు కాగితంలో లక్షా ముప్పై వేలు నమోదై ఉన్నాయి. మరమ్మతుకు నాలుగున్నర లక్షలు అవుతుందన్నారు. మధ్యవర్తి ఫోను పలకడం లేదు.

ఇంతలో నంద్యాల నుండి ఒకరు ఆ కారును చూసి, పది లక్షలకు తీసుకుంటామని కబురు చేశారు. శుక్రవారం వస్తామన్నారు. ఆ పెద్దమనిషి మా ముందు కూర్చుని అడిగిన ప్రశ్న ఇది: “మౌలానా గారూ, ఆయన అడిగితే అబద్ధం చెప్పను. అడగకపోతే నేనుగా చెప్పవలసి ఉంటుందా? నాకు అమ్మినప్పుడు ఎవరూ చెప్పలేదు కదా!”

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే ముందు మరొక ప్రశ్నను తీర్చుకుందాము. మంచి వాహనాన్ని కోరుకోవడమే తప్పా? కాదు. సుఖమైన వాహనాన్ని మనిషి సౌభాగ్యాలలో ఒకటిగా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పేర్కొన్నారు. సద్గుణవతి అయిన భార్య, విశాలమైన ఇల్లు, మంచి పొరుగు సరసన దానికీ చోటు ఇచ్చారు. నొప్పితో బాధపడే తల్లి కోసం కుమారుడు మంచి బండి కోరుకోవడం పుణ్యకార్యమే. గొప్ప ప్రదర్శించుకోవడం కోసం కొంటే అది వేరే సంగతి. కొనేవాని సంకల్పం అల్లాహ్‌కు తెలుసు.

అయితే సంకల్పం మంచిదైనంత మాత్రాన సరుకు మంచిది కాదు. విలాస వాహనం పాతబడితే దాని వెల వేగంగా పడిపోతుంది. కానీ విడిభాగాల వెల, పనివాని కూలి పడిపోవు. నలభై, యాభై లక్షల కారును పది లక్షలకు కొన్నవారు కూడా దాని మరమ్మతుకు నలభై, యాభై లక్షల కారు లెక్కనే చెల్లించవలసి ఉంటుంది. చవకగా దొరికిందని సంతోషించే ఇల్లు ఈ ఒక్క మాటను ముందుగా ఆలోచించుకోవాలి.

నాలుగు చక్రాల చోదనం విషయమూ అంతే. ఆడి సంస్థ 1980లో జెనీవా ప్రదర్శనలో క్వాట్రోను ప్రపంచానికి చూపింది. దాని వెనుక ఉన్న ఆలోచన 1977లో ఫిన్లాండ్ మంచులో జరిగిన పరీక్షల నుండి పుట్టింది. తరువాత బీఎండబ్ల్యూ వారి ఎక్స్‌డ్రైవ్, మెర్సిడెస్ వారి ఫోర్‌మ్యాటిక్ వంటివి ప్రసిద్ధి పొందాయి. మంచు మీద, బురదలో, తడి రోడ్డు మీద బండి జారకుండా ముందుకు కదలడానికి ఈ ఏర్పాటు ఎంతో ఉపకరిస్తుంది. బ్రేకు వేసినప్పుడు బండిని త్వరగా ఆపడం మాత్రం దీని పని కాదు. బ్రేకులు ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకూ ఉంటాయి. కర్నూలు ఎండలో, హైదరాబాద్ జాతీయ రహదారి మీద దీని అవసరం ఎంత ఉంటుందో కొనేవారే ఆలోచించుకోవాలి.

అవసరం ఉన్నా లేకపోయినా దాని పోషణ భారం తప్పదు. అదనపు బరువు, అదనపు ఇరుసుల వల్ల ఇంధనం కొంత ఎక్కువ ఖర్చవుతుంది. నాలుగు టైర్లూ ఇంచుమించు ఒకే అరుగుదలతో ఉండాలి. ఒకటి కొత్తది, మూడు అరిగినవి అయితే వాటి చుట్టుకొలతలు వేరై, ముందు వెనుక ఇరుసుల మధ్య ఉన్న యంత్రం విశ్రాంతి లేకుండా సర్దుబాటు చేస్తూ వేడెక్కి పాడవుతుంది. అందుచేత ఒక్క టైరు చీలినా చాలాసార్లు నాలుగూ మార్చవలసి వస్తుంది. ఇక వరద నీటిలో మునిగితే, డిఫరెన్షియల్‌కు గాలి ఆడేందుకు ఉన్న చిన్న గొట్టం గుండా నీరు లోపలికి చేరుతుంది. మామూలు కారులో అటువంటి చోటు ఒకటి ఉంటే ఇటువంటి కారులో అంతకంటే ఎక్కువ ఉంటాయి. పై మెరుగు చూసి ఈ సంగతి గ్రహించడం ఎవరికీ సాధ్యం కాదు. అమ్మేవారు నోరు విప్పి చెప్పాలి, లేదా నిపుణుడు విప్పి చూడాలి.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాము. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు విన్నవించుకున్నాడు. అటువంటప్పుడు ఆ తడిని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించి, మోసగించేవాడు మన వాడు కాడని హెచ్చరించారు. గమనించండి! ఆ వర్తకుడు నోటితో అబద్ధం చెప్పలేదు. పొడి గింజలను పైకి, తడి గింజలను కిందికి ఉంచాడు, అంతే. కడిగి మెరుగు పెట్టిన కారు కార్పెట్ కింద ఒండ్రుమట్టి ఉండడం కూడా అటువంటిదే.

రెండవది పాడి పశువు విషయం. అమ్మకానికి ముందు కొన్ని రోజులు పాలు పితకకుండా పొదుగు నిండుగా కనిపించేలా చేయడాన్ని ప్రవక్త నిషేధించారు. అలా మోసపోయిన కొనుగోలుదారుకు, పాలు పితికి చూసిన తరువాత కూడా, పశువును ఉంచుకునే లేదా ఒక సా ఖర్జూరాలతో తిరిగి ఇచ్చే అవకాశం కల్పించారు. మీటరులోని కిలోమీటర్లను వెనక్కి తిప్పడం నేటి కాలపు నిండు పొదుగు కాక మరేమిటి?

మూడవది మా హృదయానికి అన్నిటికంటే దగ్గరైనది. దీనిని ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) తమ ‘ఇహ్యా ఉలూముద్దీన్’లో ప్రస్తావించారు. ఒక వ్యక్తి ఒంటెను మూడు వందల దిర్హములకు అమ్మాడు. సహాబీ వాసిలా బిన్ అస్ఖ (రజియల్లాహు అన్హు) అక్కడే ఉన్నారు కానీ ఆ క్షణంలో ఆయన దృష్టి మరొకవైపు ఉంది. కొన్నవాడు ఒంటెను తోలుకుపోతుండగా వాసిలా వెంటపడి కేకవేసి పిలిచారు. దీనిని మాంసం కోసం కొన్నావా, ప్రయాణం కోసమా అని అడిగారు. ప్రయాణం కోసమని అతడు చెప్పాడు. దాని పాదంలో ఒక రంధ్రం చూశానని, అది వరుస ప్రయాణానికి తట్టుకోలేదని ఆయన తెలియజేశారు. కొన్నవాడు వెనక్కి వచ్చాడు, అమ్మినవాడు నూరు దిర్హములు తగ్గించవలసి వచ్చింది. తన బేరం చెడగొట్టారని అమ్మినవాడు వాపోయాడు. ప్రతి ముస్లిం మేలు కోరుతామని తాము దైవప్రవక్తకు ప్రమాణం చేసి ఉన్నామని వాసిలా బదులిచ్చారు.

ఆ ఒంటె ఆయనది కాదు. దాని వల్ల ఆయనకు లాభమూ లేదు, నష్టమూ లేదు. లోపం తెలిసిన పరాయివానికే ఇంత బాధ్యత ఉంటే, సొంత యజమాని మాట ఏమిటి? మేము ఆ పెద్దమనిషికి ఇదే మనవి చేశాము. ఆయన అడగడం కోసం ఎదురుచూడకండి. మీరుగా చెప్పండి. మీకు జరిగిన అన్యాయం నిజమే, కానీ అది మరొకరికి అన్యాయం చేసే హక్కును మీకు ఇవ్వదు.

కొందరు “ఉన్నది ఉన్నట్లుగా అమ్ముతున్నాను, తరువాత నాకు సంబంధం లేదు” అని కాగితం రాయించుకుంటారు. లోపాలన్నిటి నుండి బాధ్యత తొలగించుకునే ఇటువంటి షరతును హనఫీ ధర్మవేత్తలు చెల్లుబాటుగా పరిగణించారు. కానీ షరతు చెల్లడం వేరు, తెలిసిన లోపాన్ని దాచిన పాపం తొలగిపోవడం వేరు. కాగితం లోకంలోని న్యాయస్థానంలో అక్కరకు రావచ్చు. పరలోక న్యాయస్థానంలో ప్రశ్న వేరుగా ఉంటుంది.

కొనేవారికి కూడా ధర్మశాస్త్రం రక్షణ కల్పించింది. మొదటిది ఖియారె షర్త్. ఒప్పందం వేళనే మూడు రోజుల గడువు పెట్టుకుని, ఆలోగా సరిపడకపోతే రద్దు చేసుకోవచ్చు. ఆ మూడు రోజులలో నమ్మకమైన మెకానిక్ చేత బండిని పైకెత్తించి చూపించుకోవాలి. రెండవది ఖియారె ఐబ్. అమ్మకానికి ముందే ఉన్న దాగిన లోపం తరువాత బయటపడితే, సరుకును తిరిగి ఇచ్చే హక్కు ఉంటుంది. అయితే లోపం తెలిసిన తరువాత కూడా దానిని సొంత అవసరాలకు వాడుకుంటూ ఉంటే, ఆ లోపానికి సమ్మతించినట్లే లెక్క అని హనఫీ ధర్మవేత్తలు చెబుతారు. కనుక లోపం తెలియగానే బండిని నిలిపి, అమ్మినవారికి వెంటనే తెలియజేయాలి.

ఇంట్లోవారు కూడా చూడగలిగిన గుర్తులు కొన్ని ఉన్నాయి. సీటు బెల్టును చివరి వరకు లాగితే పైన కనబడని మురికి మరక కనబడుతుంది. డిక్కీలో అదనపు చక్రం ఉండే గుంతను, సీట్ల బోల్టులను, దీపాల లోపలి చెమ్మను చూడాలి. పాత సర్వీసు కాగితాలలోని కిలోమీటర్లను మీటరుతో పోల్చాలి. బీమా సంస్థ నుండి పాత క్లెయిముల వివరం అడగాలి. కాగితాలు పేరుకు మారేవరకు నిశ్చింత వద్దు. ఆర్సీలో ఎవరి పేరు ఉందో ప్రమాద నష్టపరిహారానికి వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి బండి ఇచ్చేశాము కదా అని అమ్మినవారు ఊరుకోవడం కూడా ప్రమాదమే. డబ్బు చాలకపోతే వడ్డీ అప్పుతో విలాసాన్ని కొనడం కంటే చిన్న బండితో ఆగడం మేలు. వడ్డీ విషయంలో దివ్య ఖుర్ఆన్ హెచ్చరిక ఎంత తీవ్రమైనదో మీకు తెలియనిది కాదు.

ఆ పెద్దమనిషి మా మాట విని చాలాసేపు మౌనంగా ఉన్నారు. “ఇది నా బిడ్డ చెమట, మౌలానా గారూ” అన్నారు. మా వద్ద దానికి జవాబు లేకపోయింది. తరువాత ఆయన ఇంటికి వెళ్లి భార్యతో చెప్పారట. ఎవరి వెన్ను కోసం ఆ కారు కొన్నారో ఆమె అన్న మాట ఆయనే మాకు చెప్పారు: “మనం మునిగిన నీళ్లలో ఇంకొక ఇంటిని ముంచవద్దు.”

శుక్రవారం నంద్యాల వారు వచ్చారు. ఆయన మెకానిక్ రాసిచ్చిన కాగితాన్ని వారి చేతిలో పెట్టారు. వారు చదివి, సలాం చెప్పి వెళ్లిపోయారు. రెండు నెలల పాటు కారు వాకిట్లోనే ఉండిపోయింది. చివరకు పాత కార్ల విడిభాగాలు అమ్మే ఒక వ్యాపారి, అన్నీ తెలిసి, నాలుగు లక్షల డెబ్బై వేలకు తీసుకువెళ్లాడు. తలుపులు, సీట్లు, అద్దాలు, ఇంజను వేరువేరుగా అమ్ముకుంటానన్నాడు. అతనికి ఆ బండి ప్రయాణం కోసం కాదు, మాంసం కోసం. పాదంలోని రంధ్రంతో అతనికి పని లేదు.

ఆరు లక్షలకు పైగా నష్టం. దానిని చిన్నదని మేము అనము. ఆ ఇల్లాలు ఇప్పుడు అద్దె కారులో, వెన్నుకు దిండు పెట్టుకుని హైదరాబాద్ వెళ్లి వస్తున్నారు. అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి లోపాలను వెల్లడి చేస్తే వారి వ్యాపారంలో బర్కత్ ఉంటుందని, దాచితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ఆ బర్కత్ ఎప్పుడు, ఏ రూపంలో వస్తుందో అల్లాహ్‌కే తెలుసు. అది నంద్యాలలో ఒక ఇంటికి తప్పిన నష్టం రూపంలో ఇప్పటికే వచ్చిందని మాత్రం మేము చెప్పగలము.

మన సంపాదనను, మన వాహనాలను, మన మాటను అల్లాహ్ పరిశుద్ధంగా ఉంచుగాక! మోసపోయిన ఇళ్లకు ఆయన తన వద్ద నుండి మేలైన ప్రతిఫలం ప్రసాదించుగాక! ఆమీన్.