కారు ఏసీ చల్లబడటం లేదా?

2011 వేసవిలో మన డల్లాస్-ఫోర్ట్‌వర్త్ ప్రాంతంలో 71 రోజులు ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన కాసింది. ఇలాంటి చోట, ఇర్వింగ్‌లో పిల్లల్ని తిప్పే కారులో ఏసీ పాడైతే బాగుచేయించడం వాయిదా వేసే పని కాదు.

గాలే తక్కువగా వస్తుంటే ముందు క్యాబిన్ ఫిల్టర్ మార్చి చూడండి. నడుస్తున్నప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తుంటే కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూపించండి. గాలి బాగా వస్తున్నా చల్లదనం లేకపోతే ఏసీ గ్యాస్ తగ్గి ఉండొచ్చు. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టే. అందుకే మెకానిక్‌తో "గ్యాస్ నింపండి" అనే ముందు "లీకు వెతకండి" అనండి. లేకపోతే మళ్ళీ అదే ఖర్చు.

పిల్లలూ, నాన్న "ఇప్పుడే వస్తా" అన్నా సరే, ఆపేసిన కారులో ఉండిపోకండి. ఎండలో పది నిమిషాల్లోనే లోపలి వేడి సుమారు 20 డిగ్రీలు పెరుగుతుంది!