గంటలను నిషేధించే జీవో లేదు!

సంక్రాంతికో, వేసవి సెలవులకో హైదరాబాద్ నుంచి అన్నయ్య పిల్లలు, విజయవాడ నుంచి ఆడపడుచు కుటుంబం దిగుతారు. రెండు రోజులు గారెలు, నాటుకోడి పులుసు అయ్యాక మూడో రోజు సాయంత్రం పిల్లలు ‘చైనీస్’ అంటారు. పిడుగురాళ్లలో ఇప్పుడదేం వింత కాదు. హోటల్లో కూర్చోగానే పెద్దవాళ్లలో ఒకరు సర్వర్‌ను పిలిచి ‘అజినమోటో వేయొద్దు బాబూ’ అని చెప్పి, బాధ్యత తీరిందనుకుంటారు. మీరు అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది: ఆ అన్నం ఎప్పుడు వండారు?

ప్రభుత్వాలు ఏం చేశాయి?

2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని ఆదేశించింది. అక్కడ పరీక్షించిన 171 గోబీ నమూనాల్లో 107 సురక్షితం కావని తేలింది. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్ ప్రాంతంలో మోమోలు తిన్న ఒక మహిళ మరణించారు, పలువురు ఆసుపత్రుల్లో చేరారు. తెలంగాణ ప్రభుత్వం అక్టోబరు 30 నుంచి పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది.

ఇవి మంచి నిర్ణయాలే. రంగు డబ్బాను, మయోనైజ్ సీసాను అధికారులు కంటితో చూసి పట్టుకోగలరు, ల్యాబుకు పంపగలరు. ఫ్రైడ్ రైస్ కోసం ముందే వండి బల్ల మీద ఆరబెట్టిన అన్నం అలా దొరకదు. బియ్యం మంచివే, నీళ్లూ మంచివే. చెడు చేసేది మధ్యలో గడిచిన గంటలు. వాటిని నిషేధించే జీవో ఏ రాష్ట్రంలోనూ రాదు.

పొగలు కక్కినా పోని విషం

వేడి అన్నంతో చేస్తే ఫ్రైడ్ రైస్ ముద్దవుతుంది. అందుకే చాలాచోట్ల ముందే వండి చల్లారనిస్తారు. బియ్యంలో ‘బాసిల్లస్ సీరియస్’ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. అన్నం ఉడికినా అవి చావవు. గోరువెచ్చగా ఉన్న అన్నంలో మేల్కొని, పెరిగి, విషాన్ని తయారుచేస్తాయి. తర్వాత పెద్ద మంట మీద కడాయిలో ఎంత వేయించినా ఆ విషం విరగదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల వేడి మధ్య ఎక్కువసేపు ఉండకూడదన్నది ఆహార భద్రత నియమం. పక్కనే రెంటచింతల ఎండలు చూసిన మీకు, వేసవిలో వంటగది ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

మరి మన పులిహోర పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంటుంది కదా అంటారా? చింతపండు పులుపులో ఈ క్రిమి అంత తేలిగ్గా పెరగదు. ఫ్రైడ్ రైస్‌కు ఆ రక్ష లేదు.

అజినమోటోను ఎందుకు తిడుతున్నాం?

జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో సముద్రపు నాచు నుంచి గుర్తించిన రుచి ఇది. 1968లో అమెరికాలో ఒక డాక్టర్ చైనీస్ భోజనం తర్వాత మెడ తిమ్మిరి, గుండెదడ వస్తున్నాయని వైద్యపత్రికకు ఉత్తరం రాశారు. ఆ తర్వాత నింద దీని మీదే నిలిచిపోయింది. ఏది ఇస్తున్నారో చెప్పకుండా చేసిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా కనిపించలేదు. కొద్దిమందికి, ఎక్కువ మోతాదులో కాసేపు తలనొప్పి, తిమ్మిరి రావచ్చు. మీకు పడదని తెలిస్తే మానేయండి.

బీపీ ఉన్నవాళ్లు భయపడాల్సింది సోయా సాస్‌కు. ఒక పెద్ద చెంచా సాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పిన పరిమితి 2,000 మిల్లీగ్రాముల లోపు. సూప్, నూడుల్స్, మంచూరియా మూడూ తింటే ఆ హద్దు ఒక్క పూటలోనే దాటిపోవచ్చు. గుండె, కిడ్నీ జబ్బులున్న పెద్దలకు మర్నాడు కాళ్ల వాపు, ఆయాసం పెరగడానికి ఇదే కారణం కావచ్చు.

ఇక ఎరుపు సంగతి. మిర్చి పండించే నేల మనది. కారం రంగు నూనెలో దిగుతుంది, నీళ్లలో కరగదు. గోబీ ముక్కను తడి టిష్యూతో అద్దినప్పుడు గులాబీ ఎరుపు అంటుకుంటే అది మిర్చి ఇచ్చిన రంగు కాకపోవచ్చు.

వెళ్లేటప్పుడు, వచ్చాక

- అన్నం ఎప్పుడు వండారో, ఫ్రిజ్‌లో పెట్టారో లేదో మొహమాటం లేకుండా అడగండి. సరైన జవాబు రాకపోతే అప్పటికప్పుడు వేయించే కూరగాయలు, గుడ్డు వంటకాలు చెప్పండి.
- సాస్ సగమే వేయమనండి. ప్లేట్లు పంచుకోండి. బల్ల మీది సాస్ సీసాను పెద్దాయనకు దూరంగా జరపండి.
- మిగిలింది పార్సిల్ కట్టిస్తే గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రంతా బయట ఉంటే పారేయండి. డబ్బులు పోతాయని పనిమనిషికి ఇవ్వొద్దు, ఆమె ఇంట్లోనూ పిల్లలుంటారు.
- వాంతులైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. చాలామందికి రోజులో తగ్గిపోతుంది. సొంతంగా యాంటీబయోటిక్స్ వేయొద్దు.
- నీళ్లు కూడా నిలవకపోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో అంతదాకా ఆగొద్దు. షుగర్ మందులు వాడేవాళ్లు వాంతులవుతుంటే తర్వాతి డోసు గురించి డాక్టర్‌ను అడగాలి.

ఒకే బల్ల దగ్గర తిన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వాంతులైతే ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పండి. బిల్లు దాచి ఫుడ్ సేఫ్టీ అధికారికి ఫిర్యాదు చేయండి. చుట్టాలను హోటల్‌కు తీసుకెళ్లింది మీరే కాబట్టి ‘మర్యాదగా ఉండదు’ అని ఊరుకుంటే, మర్నాడు అదే బల్ల దగ్గర ఇంకొకరి చుట్టాలు కూర్చుంటారు.