పెప్టైడు ఒక్కటే చాలదు

శరీర కణాలలో సహజంగా ఉండే కె-రాస్ అనే ప్రోటీనులో దాదాపు 190 అమైనో ఆమ్లాలు ఉంటాయి. పన్నెండవ స్థానంలోని గ్లైసిన్ పోయి ఆస్పార్టిక్ ఆమ్లం వచ్చి చేరితే, అవసరమైనప్పుడే పనిచేయవలసిన ఆ ప్రోటీను విరామం లేకుండా కణవిభజనను ప్రేరేపిస్తుంది. రసాయనికంగా మార్పు అత్యల్పం: ఒక హైడ్రోజన్ పరమాణువు ఉన్న చోట చిన్న ఆమ్లశాఖ. క్లోమం, పెద్దప్రేగు క్యాన్సర్లలో ఈ మార్పు తరచుగా కనిపిస్తుంది. ఇంతటి స్వల్పభేదాన్ని పసిగట్టగల టి-కణాలు కొందరు రోగుల శరీరాలలోనే ఉన్నాయని తేలడం సామాన్య విషయం కాదు.

అయితే టి-కణం ప్రోటీనును సమగ్రంగా చూడదు. కణం తన ప్రోటీన్లను ఖండించి, సాధారణంగా ఎనిమిది నుంచి పదకొండు అమైనో ఆమ్లాల పొడవున్న పెప్టైడులను హెచ్.ఎల్.ఎ. అనే అణువుల గాడిలో అమర్చి ఉపరితలం మీద ప్రదర్శిస్తుంది. గాడి, అందులోని పెప్టైడు కలిసి ఉంటేనే టి-కణం గుర్తిస్తుంది. ఈ సూత్రాన్ని కనుగొన్నందుకే పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్నాగెల్ 1996లో నోబెల్ బహుమతి పొందారు. గాడి ఆకారం తల్లిదండ్రుల నుంచి సంక్రమిస్తుంది. మనిషికీ మనిషికీ మారుతుంది. పత్రికలు పెప్టైడును గూర్చి ఉత్సాహంగా వ్రాసి, గాడిని విస్మరిస్తున్నాయి.

ఆ విస్మరణ ఎంతటిదో 2016లో ప్రకటితమైన ఒక చికిత్స తెలుపుతుంది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో స్టీవెన్ రోజెన్‌బర్గ్ బృందం, పెద్దప్రేగు క్యాన్సర్ ఊపిరితిత్తులకు వ్యాపించిన ఒక రోగి కణితి నుంచే టి-కణాలను తీసి, ప్రయోగశాలలో పెంచి, తిరిగి ఎక్కించింది. ఏడు కణితులూ తగ్గాయి. తొమ్మిది నెలల తరువాత ఒకటి మాత్రం మళ్ళీ పెరిగింది. దానిని తొలగించి పరీక్షిస్తే, కె-రాస్ మార్పు అలాగే ఉన్నది. పెప్టైడును పట్టి చూపవలసిన హెచ్.ఎల్.ఎ.-సి 08:02 జన్యువున్న క్రోమోజోము ప్రతి లోపించింది. శత్రువు ఇంటిలోనే ఉన్నాడు, కిటికీ మూసుకున్నాడు!

కాబట్టి ‘క్యాన్సర్‌కు టీకా’ వంటి వార్త వచ్చినప్పుడు, అది ఏ హెచ్.ఎల్.ఎ. వారికి అన్న ప్రశ్న వేయాలి. 2022లో అమెరికాలో ఒక రకపు కంటి క్యాన్సర్‌కు అనుమతి పొందిన టెబెంటాఫస్ప్ అనే మందు ఎ 02:01 ఉన్నవారికే ఉద్దేశింపబడింది. ఐరోపా సంతతివారిలో అది విరివిగా ఉంటుంది. భారతీయులలో 02:11 వంటి జ్ఞాతి రూపాలు కూడా ఉన్నందున, ‘ఎ 02 ఉన్నది’ అన్నంత మాత్రాన చాలదు. మరోవైపు, ఆసియా సంతతివారిలో తరచుగా ఉండే ఎ 11:01 కూడా మారిన కె-రాస్ పెప్టైడులను ప్రదర్శించగలదు. అంటే ద్వారం మూసి లేదు, తట్టేవారు తక్కువ. ఈ పరిశోధనలకు ఆధారమైన సమాచారంలో అధికభాగం ఐరోపా మూలాల వారిది కావడం విచారకరం.

తెలుగు సంఘాలు తమ ఆరోగ్య శిబిరాలలో రక్తపోటు, చక్కెర చూపించి ఊరుకోవడం చాలదు. మూలుగ దాతల పట్టికలలో పేర్లు నమోదు చేయించడానికి బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనా సరిపోతుంది. హెచ్.ఎల్.ఎ. వంశపారంపర్యం కనుక రక్త క్యాన్సర్ రోగికి సరిపడే దాత ఆ మూలాలవారిలోనే దొరికే అవకాశం ఎక్కువ. ఏ జనంలో ఏ గాడి ఎంత ఉన్నదో పరిశోధకులకు తెలిసేదీ చాలావరకు ఆ పట్టికల వల్లనే. ఇది క్యాన్సర్ వస్తుందో రాదో చెప్పే పరీక్ష కాదు. పిల్లల సంబంధాలకు అడ్డు వస్తుందన్న భయం అనవసరం. జాతకాలన్నీ దాచి ఉంచుకొనే ఇండ్లలో ఈ ఒక్క కాగితం ఎందుకు లేదు?

ఇప్పటికే జీర్ణాశయ, ప్రేగు, క్లోమ క్యాన్సర్లతో బాధపడుతున్నవారు కణితి జన్యుపరీక్ష నివేదికతోపాటు తమ హెచ్.ఎల్.ఎ. వివరాన్ని కూడా వైద్యుని అడిగి ఉంచుకోవడం మంచిది. ఈ రెండూ చేతిలో ఉంటే, ఏ ప్రయోగ చికిత్సలో తమకు చోటు ఉండవచ్చునో వాకబు చేయడానికి పట్టే కాలం కొంతైనా తగ్గుతుంది.