పాపికొండల బోటు ఎక్కుతున్నారా?.. లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే లాభం లేదు!

కార్తీక మాసం వస్తే చాలు.. పాపికొండల టూర్లకు గిరాకీ పెరుగుతుంది. బోటు కదలగానే సెల్ఫీలు, రీల్స్, డెక్ మీద డాన్సులు మొదలు. లైఫ్ జాకెట్ మాత్రం సీటు కిందో, కుర్చీ వెనకో పడి ఉంటుంది. గోదావరి, కృష్ణా నదుల్లో జరిగిన ప్రమాదాలను వరసగా చూస్తే తేలేది ఒక్కటే. బోటు ఆగిపోయాక ఏం చేయాలో ఆలోచించేంత టైమ్ దొరకదు. బయల్దేరే ముందు చేసిన పనులే ప్రాణాలు నిలబెడతాయి.

కచ్చులూరులో ఏం జరిగింది?

2019 సెప్టెంబర్ 15. గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద. అయినా రాయల్ వశిష్ట బోటు 77 మందితో పాపికొండలకు బయల్దేరింది. కచ్చులూరు దగ్గర సుడుల్లో చిక్కి బోల్తా పడింది. బయటపడింది 26 మందే. చిన్న పడవల్లో వెళ్లి వాళ్లను ఒడ్డుకు చేర్చింది స్థానిక గ్రామస్తులే. భోజనాల టైమ్ కావడంతో కొందరు జాకెట్లు తీసేశారని అప్పట్లో బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. మునిగిన బోటును బయటకు తీయడానికి నెల రోజులకు పైనే పట్టింది.

అంతకుముందు 2017 నవంబర్ 12న, కార్తీక ఆదివారం నాడు, కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర బోటు బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. ఆ బోటుకు అనుమతి లేదు. ప్రయాణికులకు జాకెట్లూ లేవు.

నాలుగు రోజుల తేడా.. రెండు బోట్లు

2018 మే 11న దేవీపట్నం దగ్గర టూరిస్టు బోటులో మంటలు లేచాయి. బోటును వెంటనే ఒడ్డుకు తిప్పడంతో పర్యాటకులంతా బయటపడ్డారు. సరిగ్గా నాలుగు రోజులకు మంటూరు దగ్గర ఈదురుగాలికి ఓ లాంచీ మునిగింది. వాన జల్లు కొడుతోందని తలుపులు, కిటికీలు మూసేశారు. లోపలున్నవాళ్లు బయటకు రాలేకపోయారు. అంటే జాకెట్ ఎంత ముఖ్యమో, బయటకు వెళ్లే దారి తెరిచి ఉండటం కూడా అంతే ముఖ్యం.

ఇంజిన్ ఆగితే ఏం చేయాలి?

* కంగారుపడి లేవొద్దు. అందరూ ఒకే పక్కకు పరిగెడితే బోటు అటే ఒరుగుతుంది. ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోవాలి.
* సరంగు లంగరు వేసి, బోటు ముందు భాగం ప్రవాహానికి ఎదురుగా ఉండేలా చూడాలి. అడ్డంగా తిరిగితే ప్రవాహం తోసేస్తుంది.
* మంట కనిపిస్తే ఇంజిన్, ఇంధనం ఆపేయడం సిబ్బంది పని. ప్రయాణికులు పొగకు దూరంగా, గాలి వచ్చే వైపు ఉండాలి.
* బోల్తా పడినా బోటు తేలుతూ ఉంటే దాన్నే పట్టుకోవాలి. ఒడ్డు దగ్గరే కదా అని ఈదడం రిస్క్.
* పాపికొండల మధ్య చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. 112కి కాల్ కలవకపోవచ్చు. బోటులో వైర్‌లెస్ ఉందో లేదో ఎక్కే ముందే అడగాలి.

రూల్స్ ఉన్నాయి.. మరి?

కచ్చులూరు తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోట్ల నిఘాకు 9 కంట్రోల్ రూములు పెట్టింది. 2021లో కేంద్రం తెచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం బోటుకు సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. కానీ తనిఖీ జరిగేది రేవు దగ్గర. బోటు కొండల మధ్యకు చేరాక, ఉక్కపోతగా ఉందని జాకెట్ విప్పేస్తే అడిగేవాళ్లు ఎవరు? అక్కడ సిబ్బంది గట్టిగా చెప్పాలి, ప్రయాణికులు వినాలి.

కాబట్టి టికెట్ తీసుకునే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఎంతమందికి పర్మిషన్ ఉంది? పిల్లల సైజు జాకెట్లు ఉన్నాయా? ఈరోజు నదిలో వరద ఎంత? సరైన జవాబు రాకపోతే ఆ బోటు ఎక్కకపోవడమే మంచిది. ఎక్కితే మాత్రం ఫొటో కోసమైనా, భోజనం కోసమైనా.. ఒడ్డున దిగేదాకా జాకెట్ తీయొద్దు.