ముద్దాయి అంటే ఎవరు?



కోర్టులు, వకీళ్ల జిందగీ మీద చిన్న కథల పోటీ పెట్టారు. నేనొక కహానీ పంపుతున్నాను. మీరూ పంపండి. బెజవాడ, బందరు, గుడివాడ, నూజివీడు వైపు మన ఇళ్లలో చదువుకున్న ఆడపిల్లలు తప్పకుండా పంపాలని నా గుజారిష్.

ముందు జుబాన్ సంగతి చెప్పుకుందాం. వకీలు, వకాల్తా, దావా, ఫిర్యాదు, జామీను, జప్తు, నకలు, దస్తావేజు, వాయిదా, హాజరు. కోర్టు తెలుగులో నడిచే ఈ లఫ్జులన్నీ మన ఇంటివే. గోల్కొండ సుల్తానుల కాలం నుంచి కచేరీల్లో ఫార్సీ కూడా నడిచింది కాబట్టి ఇక్కడే పాతుకుపోయాయి. నిఖాలో దుల్హన్ తరఫున మాట్లాడే పెద్దమనిషినీ మనం వకీల్ అనే అంటాం కదా!

ఒక్క మాట మాత్రం దారిలో తలకిందులైంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఇన్సాఫ్ అడిగేవాడు. తెలుగులో ముద్దాయి అంటే ఇల్జామ్ మోసేవాడు.

తెలుగు కథల్లో, అంతకు మించి సినిమాల్లో, మనకూ ఇదే గతి పట్టిందని నా ఖయాల్. కోర్టు సీనులో ముస్లిం కనిపిస్తే బోనులోనే కనిపిస్తాడు. లేదంటే తలాక్ కేసులో ఏడ్చే ఔరత్. మెహర్ అడిగే బేటీ, వక్ఫ్ జమీన్ కబ్జా అయిందని కాగితాల సంచీతో తిరిగే ముతవల్లీ, నల్లకోటు తొడిగిన మన పిల్ల, వీళ్ల కథలు ఎన్ని చదివాం?

రాయడానికి మసాలా లేదంటారా? 2007 డిసెంబరులో మన ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ చదివే మన బచ్చీ ఖతల్ అయింది. 2010లో బెజవాడ కోర్టు ఒక పేద కుర్రాడికి శిక్ష వేసింది. బిడ్డను పోగొట్టుకున్న అమ్మీ అబ్బాలే అసలు ఖాతిల్ అతను కాదన్నారు. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని బేకసూర్ అని వదిలేసింది. అప్పటికే అతని ఉమర్‌లో ఎనిమిదేళ్లు జైల్లో కరిగిపోయాయి. ఆ కుటుంబాల దర్ద్‌ను కథగా వాడుకోమని నేననడం లేదు. ఫిర్యాదీ, ముద్దాయీ ఒకే వైపు నిలబడిన కేసు మన పొరుగునే జరిగిందని గుర్తు చేస్తున్నాను. బల్ల గుద్ది అరిచే వకీలూ, చివర్లో చప్పట్లూ ఉంటేనే కోర్టు కథ అవుతుందనుకోకండి. రావిశాస్త్రిగారు విశాఖలో వకీలు. ఆయన ‘ఆరు సారా కథలు’ చూడండి. వాదనల కంటే కానూన్ కింద నలిగే గరీబులే ఎక్కువ కనిపిస్తారు.

'షరీఫ్ ఖాందాన్ కోర్టు మెట్లెక్కదు, ఇంటి గుట్టు బజార్లో పెడితే ఇజ్జత్ పోతుంది' అని బుజుర్గులు అంటారు. పోయేది ఎవరి ఇజ్జత్? షాబానో శౌహర్ స్వయంగా వకీలు. అరవై దాటిన ఆమె ఖర్చులకు డబ్బు అడిగి 1985లో సుప్రీంకోర్టులో గెలిచింది. దేశమంతా బహస్ చేసింది. చివరికి ఒత్తిడి తట్టుకోలేక ఆ ముసలమ్మ తన హక్కునే వదులుకుంది. ఆమె పేరు అందరికీ తెలుసు. ఆ రాత్రులు ఎలా నిద్రపోయిందో ఎవరికైనా తెలుసా? వార్త చెప్పనిది కహానీ చెప్పాలి.

మనలోని జుల్మ్ మనం రాయకపోతే బయటివాళ్లు రాస్తారు, వాళ్లకు తోచినట్టు రాస్తారు. నా కథలో ఒక బెహన్ అబ్బా వదిలిపోయిన మాగాణిలో తన హిస్సా అడుగుతుంది. షరీఅత్ ఇచ్చిన హిస్సానే. భాయీజాన్ వకీలు. జుమ్మాకు మొదటి సఫ్‌లో ఉంటాడు. ఆమె వకాల్తా తీసుకునే వకీలు ఆ ఊళ్లో దొరకడం లేదు.

ఇనామ్ వస్తుందా రాదా, అది తర్వాతి బాత్. మీ ఇంట్లో ఇనప్పెట్టె అడుగున ఏదో ఒక పాత దస్తావేజు ఉండే ఉంటుంది. ముందు అది తీసి, నానీని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. కథ అక్కడే మొదలవుతుంది.